చెప్పుకోలేని జబ్బుకు వైద్యమున్నది



ఈ మాసము నేను వ్రాయబోవు సంగతి కొందరికి ఇబ్బందిగా తోచవచ్చును. పెండ్లయిన పురుషునికి భార్యతో కలిసే శక్తి తగ్గిపోవడం గురించి, అంటే వైద్యులు ‘అంగస్తంభన లోపం’ అని పిలిచే జబ్బు గురించి వ్రాస్తున్నాను. ఇది పిల్లలకు చదివి వినిపించే పేజీ కాదు. పగటి పని ముగిసిన తరువాత భార్యాభర్తలిద్దరూ కలిసి చదువుకొనవలసిన పేజీ.

చిత్తూరు, తిరుపతి మధ్య పల్లెలలో సంఘ పరిచర్య చేస్తూ నాకు ఇరవై ఏండ్లు కావస్తున్నవి. ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయేదాక ఆగి, చివరన దగ్గరకు వచ్చే మగవారు అప్పుడప్పుడు ఉంటారు. “అయ్యగారూ, నా కోసరం ప్రార్థన చేయండి” అంటారు. దేని నిమిత్తం అని అడిగితే “ఒంట్లో బాగలేదు” అంటారు. ఆ ఒక్క మాట వెనుక ఏమున్నదో తెలియడానికి కొన్నిసార్లు రెండు మూడు నెలలు పడుతుంది. ప్రార్థన చేస్తాను. దానితో పాటు ఒక మాట చెబుతాను: “ఇది జబ్బు. దీనికి డాక్టరు ఉన్నాడు, మందు ఉన్నది.” ఆ మాటనే ఇక్కడ విడమరచి చెప్పాలని నా కోరిక.

నేను వైద్యుడను కాను, వేదాంత డిప్లొమా చదివినవాడను. ఇక్కడ వ్రాసినవి వైద్యశాస్త్రంలో స్థిరపడిన సంగతులే. అయినా మీ ఒంటికి ఏది సరిపోతుందో మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే చెప్పవలెను. నేను చెప్పబోయే కుటుంబాల గుర్తులు మార్చి, వారి అనుమతితోనే వ్రాస్తున్నాను.

పేరులోనే గాయమున్నది

మన పల్లెల్లో ఈ జబ్బుకు మంచి పేరే లేదు. ఉన్నవన్నీ తిట్లు. ‘నపుంసకత్వం’ అనే పుస్తకాల మాట కూడా మనిషిని కించపరచేదే. ఇంగ్లీషులోనూ చాలాకాలం ఇంతే. ‘ఇంపొటెన్స్’, అంటే శక్తిహీనత, అనేవారు. 1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ కూర్చిన నిపుణుల సభ ఆ మాట మాని ‘ఎరెక్టైల్ డిస్‌ఫంక్షన్’ అనడం మంచిదని చెప్పింది. అంటే ఒక అవయవం తన పని సరిగా చేయడం లేదని మాత్రమే అర్థం. చూపు మందగించినవానిని మనం తిట్టము గదా, కళ్లద్దాలు తెచ్చుకొమ్మంటాము.

ఏదో ఒక రాత్రి అలసట వలన, దిగులు వలన కుదరకపోతే అది జబ్బు కాదు. అంగం కలయికకు చాలినంత గట్టిపడకపోవడమో, గట్టిపడినా నిలవకపోవడమో నెలల తరబడి జరుగుతుంటే దానిని జబ్బుగా లెక్కించి డాక్టరుకు చూపించుకోవాలి. శీఘ్రస్ఖలనం వేరు, బిడ్డలు పుట్టకపోవడం వేరు. ఈ మూడింటినీ కలిపి ‘నరాల బలహీనత’ అని ఒకే మూట కట్టడం వలననే సగం మోసాలు జరుగుతున్నవి.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుండి 70 ఏండ్ల మగవారిని విచారించి 1994లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, 52 శాతం మందికి కొద్దిగానో గొప్పగానో ఈ ఇబ్బంది ఉన్నట్లు తేలింది. అది వేరే దేశపు లెక్క. అయినా ‘లోకంలో నాకొక్కనికే ఈ శాపం’ అని కుమిలిపోయే సహోదరునికి ఆ లెక్క కొంత ఊరట ఇస్తుంది.

ఒక పాడి ఆవు, ఇరవై ఒక్క పొట్లాలు

మా పరిచర్య ప్రాంతంలో మామిడి తోటకు కాపలా ఉండే ఒక సహోదరుడు ఉన్నాడు. నలభై ఎనిమిదేండ్లవాడు. భార్య మా ఇంటికి వచ్చి మా అమ్మగారి దగ్గర ఏడ్చింది. “రెండేండ్లుగా నా పక్కకు రాడమ్మా. ఇంకెవరినో పెట్టుకున్నాడని ఊర్లో అంటా ఉండారు” అన్నది. అతనిని పిలిచి ఒంటరిగా అడిగితే తల వంచుకొన్నాడు. “అట్లాంటిదేమీ లేదయ్యా. నాకు చేతకాకుండా పోయింది. ఆ మాట దానికి చెప్పేదానికంటే, ఇంకొకతి ఉందని అనుకోవడమే మేలనిపించింది” అన్నాడు.

గమనించండి, ప్రియులారా! చేయని పాపాన్ని నెత్తిన వేసుకోవడం ఆ మనిషికి జబ్బును ఒప్పుకోవడం కంటే తేలికైనది.

అతడు అప్పటికే ఒక పట్టణంలో, బస్టాండు గోడమీది రాత చూసి, లాడ్జీలో దిగిన ఒక ‘స్పెషలిస్టు’ దగ్గరకు పోయి వచ్చాడు. ఆ పెద్దమనిషి నాడి పట్టుకొని, “చిన్ననాటి తప్పుల వల్ల నరాలు చచ్చిపోయినాయి” అని భయపెట్టి, ఇరవై ఒక్క పొట్లాల చూర్ణం ఇచ్చాడు. దానికోసం ఇంటిలోని పాడి ఆవు అమ్ముడుపోయింది. పొట్లాలు అయిపోయినవి, జబ్బు అట్లే ఉన్నది. రెండవ దఫాకు డబ్బు లేక ఆగిపోయాడు.

నేను అతనిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాను. అక్కడ రక్తపోటు, చక్కెర పరీక్షలు ఉచితంగా చేస్తారు. అతనికి చక్కెర వ్యాధి బాగా ముదిరి ఉన్నట్లు తేలింది. రాత్రిళ్లు నాలుగైదు సార్లు మూత్రానికి లేవడం, అరికాళ్లు తిమ్మిరి ఎక్కడం, ఇవన్నీ ఉన్నా అవి కూడా ‘నరాల బలహీనతే’ అనుకొన్నాడు. లాడ్జీ వైద్యుడు నాడి పట్టుకొన్నాడే గాని ఒక్క చుక్క రక్తం పరీక్ష చేయించలేదు.

చెరువు, తూము, కాలువ

ఒంటిలో ఏమి జరుగుతుందో మన రాయలసీమ రైతుకు తెలిసిన భాషలోనే చెప్పుకొందాము. చెరువులో నీరుండాలి, తూము తెరిచే మనిషి ఉండాలి, కాలువ పూడిపోకుండా ఉండాలి. అప్పుడే మడి నిండుతుంది. మనసులో కోరిక కలిగినప్పుడు మెదడు నరాల ద్వారా కబురు పంపుతుంది. ఆ కబురు అందగానే అంగంలోని నరాల కొసల నుండి, రక్తనాళాల గోడల నుండి నైట్రిక్ ఆక్సైడు అనే వాయువు అతి కొంచెంగా వెలువడుతుంది. దాని వలన అక్కడి కండరాలు సడలి, రక్తం లోపలికి వచ్చి నిండుతుంది. బయటికి పోయే నాళాలు నొక్కుకొనిపోయి, వచ్చిన రక్తం నిలుస్తుంది. రక్తనాళాలలో ఈ వాయువు చేసే పనిని కనుగొన్నందుకు ఫర్ష్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు కారణాలు సులభంగా అర్థమవుతాయి. చక్కెర వ్యాధి తూము తెరిచే మనిషిని, అంటే నరాలను దెబ్బతీస్తుంది. కాలువను, అంటే రక్తనాళాలను కూడా పాడుచేస్తుంది. రక్తపోటు, కొవ్వు, బీడీ, సిగరెట్టు కాలువను పూడుస్తాయి. సారా, బ్రాందీ నరాలను, కాలేయాన్ని చెడగొడతాయి. చింతకాయ రాల్చుతూ చెట్టు మీద నుండి పడి వెన్నెముక విరిగినవారికి కబురు పోయే దారే తెగిపోతుంది. కొన్ని రక్తపోటు మాత్రలు, మానసిక జబ్బుల మాత్రలు కూడా ఈ ఇబ్బంది కలిగిస్తాయి. అట్లని ఎవరూ బి.పి. మాత్ర తమంతట తాము మానకూడదు. డాక్టరుకు చెబితే వేరే మాత్రకు మారుస్తారు.

ఇంకొక ముఖ్య సంగతి. అంగానికి పోయే రక్తనాళాలు గుండె రక్తనాళాల కంటే సన్ననివి. పూడిక మొదలైతే సన్న కాలువే ముందు మూసుకొనిపోతుంది. అందుచేత నలభై, యాభై ఏండ్లవానికి ఈ లోపం కొత్తగా కనబడితే, కొన్ని ఏండ్లలో రాబోయే గుండెజబ్బుకు అది ముందు హెచ్చరిక కావచ్చునని వైద్యులు చెబుతారు. సిగ్గుతో దాచినవాడు తన కాపురాన్నే కాదు, ప్రాణాన్ని కూడా ప్రమాదంలో పెట్టుకొంటున్నాడన్న మాట.

డాక్టరు ఏమి చేస్తాడు?

చాలామంది పోకపోవడానికి కారణం, అక్కడ ఏమి చేస్తారో తెలియక. మొదట కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. ఎప్పటి నుండి? ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగానా? తెల్లవారుజామున నిద్రలో మామూలుగా గట్టిపడుతున్నదా? ఈ చివరి ప్రశ్నకు ‘అవును’ అనేవారిలో శరీరం చాలవరకు బాగున్నట్లు, భయమో దిగులో అడ్డుపడుతున్నట్లు అనుకొంటారు. తరువాత రక్తపోటు చూస్తాడు, చక్కెర, కొవ్వు పరీక్షలు వ్రాస్తాడు. కోరికే తగ్గిపోయిందంటే ఉదయం పూట రక్తం తీసి టెస్టోస్టిరాన్ అనే హార్మోను చూస్తారు. అది తక్కువగా ఉన్నట్లు తేలినవారికే ఆ హార్మోను ఇస్తారు. ఊరక వేయించుకొంటే వీర్యకణాలు తగ్గి, బిడ్డలు కావలసినవారికి నష్టం జరుగుతుంది.

ఎక్కడికి పోవాలి? మొదట మీ ఆరోగ్య కేంద్రంలోని ఎం.బి.బి.ఎస్. డాక్టరు చాలు. ఆయన పంపితే తిరుపతిలో రుయా ఆసుపత్రి, స్విమ్స్ ఉన్నవి. చిత్తూరు వైపు వారికి వేలూరు సి.ఎం.సి. దగ్గర. 1900లో ఐడా స్కడ్డర్ అమ్మగారు ఒకే మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. మన తాతల కాలం నుండి మనవారు బస్సెక్కి పోతున్న చోటు. మూత్రాంగాల నిపుణుని, అంటే యూరాలజిస్టుని, చూడాలని చీటీ తీసుకొంటే చాలును. ఏ జబ్బో వరుసలో నిలబడి అందరికీ చెప్పనక్కరలేదు.

మాత్రల సంగతి

ఇంగ్లండులో సాండ్విచ్ అనే ఊరిలో ఫైజర్ కంపెనీ పరిశోధకులు గుండెనొప్పికి పనికివస్తుందని ఒక మందు తయారుచేశారు. దాని పేరు సిల్డెనాఫిల్. 1990ల మొదట్లో పరీక్షించగా గుండెనొప్పికి అది అంతగా పనిచేయలేదు గాని, వేసుకొన్న మగవారిలో అంగస్తంభన కలుగుతున్నట్లు గమనించారు. 1998 మార్చి 27న అమెరికా ప్రభుత్వం దానిని ఈ జబ్బుకు అనుమతించింది. అదే వయాగ్రా. 2001 నాటికి మన దేశపు కంపెనీలు కూడా ఆ మందును తమ సొంత పేర్లతో తయారుచేసి చాలా తక్కువ ధరకు అమ్మసాగినవి. 2003లో టడలాఫిల్ అనే ఇంకొక మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది.

ఈ మాత్ర తూమును తానుగా తెరవదు. తెరిచిన తూము వెంటనే మూతపడకుండా పట్టి ఉంచుతుంది. అందువలన మనసులో ప్రేమ, కోరిక లేకుండా మాత్ర వేసుకొని ఎదురుచూస్తే ఏమీ జరగదు. ఇది కామం పుట్టించే మందు కాదని సంఘపు పెద్దలు కూడా తెలుసుకొనవలెను. అలవాటుపడి వదలలేకపోయే మత్తుమందు కూడా కాదు.

సిల్డెనాఫిల్ 25, 50, 100 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. సాధారణంగా 50తో మొదలుపెట్టి, పనిచేసిన తీరును బట్టి డాక్టరు తగ్గిస్తాడు లేక పెంచుతాడు. వయసు మీరినవారికి, కాలేయం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి 25తోనే మొదలుపెడతారు. కలయికకు సుమారు ఒక గంట ముందు వేసుకోవాలి. నాలుగైదు గంటలు పనిచేస్తుంది. నూనె, కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం మీద వేసుకొంటే ఆలస్యమవుతుంది. రోజుకు ఒక్కసారికి మించకూడదు. టడలాఫిల్ గుణం 36 గంటల దాక ఉంటుంది. దానినే తక్కువ మోతాదులో ప్రతిదినం వేసుకొనే పద్ధతి కూడా ఉన్నది. సుమారు పది మందిలో ఆరేడుగురికి ఈ మాత్రలు గుణమిస్తాయి. చక్కెర వ్యాధి ఉన్నవారిలో కొంత తక్కువ. మొదటిసారి పనిచేయలేదని పారవేయకుండా, డాక్టరు చెప్పిన పద్ధతిలో కొన్నిసార్లు చూడాలి.

తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, కడుపులో మంట, టడలాఫిల్ అయితే నడుము నొప్పి, ఇవి రావచ్చును. కొందరికి కాసేపు చూపు నీలంగా తోస్తుంది. అయితే చూపు గాని వినికిడి గాని ఉన్నట్టుండి తగ్గినా, గట్టిపడిన అంగం నాలుగు గంటలకు మించి తగ్గకపోయినా సిగ్గుపడకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

జేబులో ఉన్న రెండు మాత్రలు

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి.

మా సంఘంలో అరవై ఏండ్ల పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. గుండెజబ్బు ఉన్నది. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకొనేందుకు సార్బిట్రేట్ మాత్ర ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది. ఒకనాడు స్నేహితుడు మందుల షాపులో చీటీ లేకుండా కొన్న ఇంకొక మాత్రను ఆయన చేతిలో పెట్టాడు. ఏమనుకొన్నాడో ఏమో, వేసుకొనకముందు నన్ను అడిగాడు. “దీన్ని వేసుకుంటే తప్పేమన్నా ఉందా అయ్యగారూ?” ఆయన అడిగింది పాపమా కాదా అని. నేను చెప్పింది, “పాపం మాట తరువాత చూద్దాం, ముందు డాక్టరును అడుగుదాం పదండి” అని.

డాక్టరు ఆ రెండు మాత్రలను బల్లమీద పక్కపక్కన పెట్టి, “ఈ రెండూ ఒకే ఒంట్లోకి పోకూడదు” అన్నాడు. సార్బిట్రేట్ నైట్రేట్ జాతి మందు. అది కూడా రక్తనాళాలను సడలిస్తుంది. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి మనిషి చనిపోవచ్చును. సిల్డెనాఫిల్ వేసుకొన్న 24 గంటలలోపు, టడలాఫిల్ అయితే 48 గంటలలోపు నైట్రేట్ మందు వాడకూడదు. అటువంటి సమయంలో గుండెనొప్పి వస్తే, 108 వారికి, ఆసుపత్రి వారికి మొదట చెప్పవలసిన మాట ‘నేను ఈ మాత్ర వేసుకొన్నాను’ అన్నదే. సిగ్గుతో ఆ మాట మింగితే వారు అలవాటు ప్రకారం నైట్రేట్ ఇచ్చే ప్రమాదమున్నది. భార్యకు తెలియకుండా వేసుకోవద్దని నేను చెప్పేది ఇందుకే. మీకు స్పృహ తప్పితే ఆ మాట చెప్పగలిగినది ఆమె ఒక్కతే.

ప్రోస్టేటు గ్రంథికి, రక్తపోటుకు వాడే కొన్ని మందులతో, కొన్ని హెచ్.ఐ.వి. మందులతో కూడా జాగ్రత్త కావాలి. ఈ మధ్య గుండెపోటు గాని పక్షవాతం గాని వచ్చినవారు డాక్టరు సరేననేంతవరకు ఆగాలి. చట్టప్రకారం ఇవి డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన మందులు. ఆ నియమం మన ప్రాణం కోసమే.

ఆ పెద్దాయనకు మాత్ర కుదరదు గనుక డాక్టరు వేరే మార్గం చూపాడు. గొట్టంలాంటి వ్యాక్యూం పరికరంతో గాలి లాగి రక్తం చేరేటట్లు చేసి, మొదట్లో రబ్బరు పట్టీ వేసే పద్ధతి ఉన్నది. పట్టీని అరగంటకు మించి ఉంచకూడదు. ఇంకా, అంగంలోనికే చిన్న సూదితో ఇచ్చే మందు ఉన్నది. బ్రిండ్లీ అనే ఇంగ్లీషు వైద్యుడు 1983లో వైద్యుల సభలో తన శరీరం మీదనే దాని గుణాన్ని చూపించాడు. ఏదీ పనిచేయనివారికి ఆపరేషను చేసి లోపల అమర్చే సాధనాలు కూడా ఉన్నవి. కాబట్టి ‘మాత్ర కుదరలేదు, ఇక నా పని అయిపోయింది’ అనుకొనవలసిన పని లేదు.

గోడమీది రాతలు, పొట్లాలు, మాంసాలు

1954లో చేసిన ఒక కేంద్ర చట్టం ప్రకారం, మందుతో లైంగిక శక్తి పెంచుతామని ప్రకటన వేయడమే నేరం. కనుక గోడమీద అటువంటి రాత కనబడితే, ఆ వ్యాపారం మొదటి అడుగులోనే చట్టం తప్పినదని తెలుసుకోండి. ‘మూలికలే గదా, నష్టమేమి’ అనుకొనవద్దు. మూలికల మందులని అమ్మే వాటిలో సిల్డెనాఫిల్‌ను చెప్పకుండా కలుపుతున్నట్లు అనేక దేశాల పరీక్షలలో బయటపడింది. సార్బిట్రేట్ వాడే మనిషి ఆ పొట్లం వేసుకొంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

గుంటూరు, ప్రకాశం వైపు గాడిద మాంసం తింటే శక్తి వస్తుందని నమ్మి కొంటున్నట్లు పత్రికలలో వచ్చింది. మన దేశపు ఆహార నిబంధనలలో తినదగిన జంతువుల జాబితాలో గాడిద లేదు. మన వైపు ఉడుము మాంసం మాట వినబడుతుంది. ఉడుమును పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద నేరం. వీటిలో దేనికీ ఈ జబ్బును నయం చేసే గుణం ఉన్నట్లు రుజువు లేదు. ఉన్న గుణమంతా అమ్మేవాని జేబుకే.

కొత్త దంపతులకు

పెండ్లయిన మూడవ నెలలోనే ‘ఈ అబ్బాయి పనికిరాడు’ అని పంచాయితీ పెట్టిన ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. పిల్ల తరపువారు విడాకుల మాట తెచ్చారు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, పెండ్లి నాటికిని, దావా వేసే నాటికిని భర్త గాని భార్య గాని కాపురానికి అశక్తులైతే ఆ పెండ్లి చెల్లదని కోర్టు ప్రకటించవచ్చునని ఉన్నది. చట్టం ఉన్న మాట నిజమే. కాని డాక్టరు చూడకముందే ఊరి పెద్దలు తీర్పు చెప్పరాదని నేను పట్టుబట్టాను.

డాక్టరు పరీక్షించగా అబ్బాయి శరీరంలో ఏ లోపమూ లేదు. ఉన్నది భయం. మొదటి రాత్రి బయట బంధువులు కాచుకొని ఉండటం, మరునాడు పొద్దున అత్తలు ఆరా తీయడం, రెండుసార్లు కుదరకపోయేసరికి మూడవసారి ‘ఇప్పుడూ కాదేమో’ అన్న వణుకు. భయం కలిగినప్పుడు ఒంటిలో ఊరే రసాలు రక్తనాళాలను బిగిస్తాయి. భయపడినకొద్దీ కాదు, కానికొద్దీ భయం. డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి, కొన్ని వారాలు కలయిక జోలికి పోకుండా, చేయి పట్టుకొని మాట్లాడుకోవడం, దగ్గరగా పండుకోవడం మాత్రమే చేయమన్నాడు. తక్కువ మోతాదు మాత్ర కొద్దికాలం ఇచ్చాడు. నేను చేసినదల్లా, ఆ ఇద్దరినీ పెద్దల ఇంటి నుండి కొన్ని నెలలు వేరుగా ఉంచమని రెండు వైపుల వారినీ బ్రతిమాలుకోవడం. ఇప్పుడు వారికి ఒక పాప.

తల్లిదండ్రులారా, కొత్త జంట తలుపు దగ్గర చెవి పెట్టవద్దు. అక్కచెల్లెండ్రారా, భర్త వెనుదీస్తే ‘నా మీద ఇష్టం లేదు’ అని తేల్చుకొనకముందు నెమ్మదిగా ఒక మాట అడగండి. ఎగతాళి మాత్రం చేయవద్దు. బిడ్డలు లేకపోతే పరీక్షకు భార్యాభర్తలిద్దరూ పోవాలి. ‘గొడ్రాలు’ అన్న మాటను ఆడపిల్ల మీద పడేసి మగవానిని దాచిపెట్టడం న్యాయం కాదు.

దేవుని వాక్యము సిగ్గుపడలేదు

పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని దాచిపెట్టలేదు. దావీదు రాజు ముసలితనంలో అతని దేహబలం ఎట్లు ఉడిగినదో మొదటి రాజుల గ్రంథము దాపరికం లేకుండా చెబుతుంది. పౌలు కొరింథీయులకు వ్రాస్తూ, భర్త భార్యకును, భార్య భర్తకును ఋణపడి ఉన్నారని, ఒకరి దేహముపై ఇంకొకరికి హక్కున్నదని నేర్పించాడు. ఆ ఋణము బలవంతం చేయడానికి కాదు, ఒకరినొకరు ఆదరించుకోవడానికి. జబ్బు దాచి భార్యను నెలల తరబడి దూరంగా ఉంచడం ఆ ఋణం ఎగవేయడమే. వైద్యం చేయించుకోవడం ఆ ఋణం తీర్చడంలో భాగమే.

వైద్యం చేయించుకొన్నా కొందరికి పూర్తిగా నయం కాకపోవచ్చును. అటువంటి సహోదరునికి నా మాట ఇది. యెషయా గ్రంథము 56వ అధ్యాయము తీసి చదువుకోండి. సంతానము కననేరని నపుంసకునికి దేవుడు తన యింటిలో ఏ స్థానము వాగ్దానము చేశాడో, కొడుకులు, కూతుళ్ల వలన కలిగే పేరు కంటే ఎంత గొప్ప పేరు ఇస్తానన్నాడో చూడండి. ఐతియొపీయుల మంత్రి రథమెక్కి ఫిలిప్పు బోధించినప్పుడు అతని దేహస్థితి బాప్తిస్మానికి అడ్డు రాలేదు. లోకం మగతనాన్ని ఎక్కడ కొలిచినా, దేవుడు మనిషిని అక్కడ కొలవడు.

మామిడి తోట సహోదరుని సంగతి అడుగుతారేమో. చక్కెర అదుపులోకి వచ్చింది, బీడీ మానేశాడు, డాక్టరు ఇచ్చిన మాత్ర వాడుతున్నాడు. అన్నిసార్లూ గుణమివ్వదని దాచకుండా చెబుతాడు. ఆవు మాత్రం తిరిగి రాలేదు. కాని భార్యాభర్తల మధ్య అబద్ధం పోయింది. “ఇప్పుడు మాట్లాడుకుంటా ఉండాము అయ్యగారూ, అదే చాలా పొద్దు” అన్నాడు.

ప్రియ సహోదరులారా, మీలో ఎవరికైనా ఈ భారమున్నట్లయితే ఈ వారంలోనే రెండు పనులు చేయండి. ఈ రాత్రి భార్యతో నిజం చెప్పండి. రేపటి దినమున చక్కెర, రక్తపోటు పరీక్ష చేయించుకోండి. నోట మాట రాకపోతే ఈ పేజీని మడిచి తీసుకొనిపోయి డాక్టరు ముందు పెట్టండి, ఆయనకు అర్థమవుతుంది. ప్రభువు మీ గృహములను సమాధానముతో నింపునుగాక. ఆమెన్.